హెరాల్డ్ వెనక చక్రాలు కాళ్ళు చాపేశాయి: కట్టకి (పట్టీలు పేర్చిన స్ప్రింగుకి) ఇంకో పట్టీ వేయించాలా, సస్పెన్షన్ మొత్తం మార్చాలా?

బాలాజీనగర్ హెరాల్డ్
నెల్లూరు. స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ త్రీ, నాలుగు తలుపుల బండి, 1969 మోడల్. మా మామయ్య వాడి వాడి నాకిచ్చాడు. 948 సీసీ ఇంజిన్ బాగుంది, దాని జోలికి పోను. బాధంతా వెనకాల. నేనొక్కణ్ణే ఉంటే కాస్త పర్లేదు గానీ, నలుగురం ఎక్కామంటే వెనక చక్రాలు పైన లోపలికి వాలి, కింద బయటికి పోతున్నాయి. టైర్ల లోపలి అంచు అరిగి దారాలు కనపడుతున్నాయి. మొన్న మాలకొండ నుంచి దిగేటప్పుడు మలుపులో వెనక భాగం పక్కకి జరిగినట్టయింది. ఇంటిదాకా మా ఆవిడ మాట్లాడలేదు.

మెకానిక్‌లు తలా ఒకటి చెప్తున్నారు. ఒకాయన జీపు కట్టలోంచి ఒక పట్టీ తీసి ఇందులో వేస్తానంటాడు. ఇంకొకాయన వ్యాను హౌసింగ్, అంటే వెనక ఇరుసు దిమ్మ, తెచ్చి మొత్తం ఎక్కించేస్తానంటాడు. మూడో ఆయన కాయిల్ స్ప్రింగులు పెడదామంటాడు. ఇంగ్లాండులో దీనికి స్వింగ్ స్ప్రింగ్ అని అమ్ముతున్నారు, అదీ చూశాను. ఎవరైనా ఈ బండి వెనక పని చేయించినవాళ్ళు చెప్పండి.

కావలి కుర్రోడు
మాలకొండ స్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. ఆ రోజు కొండ రోడ్డు మీద చీమ దూరే సందు ఉండదు. మలుపులో జారేంత స్పీడు నీకెక్కడ దొరికిందన్నా?

బాలాజీనగర్ హెరాల్డ్
అదే కదా భయం. ముప్ఫై కూడా లేదు.

పద్మిని 79
దీనికింత ఆలోచనెందుకు? వెనక దిగిపోతే పట్టీ వేయిస్తారు, లోకంలో ఎవరైనా చేసేదదే. మా పద్మినికి రెండువైపులా చెరో పట్టీ వేయించి, షాకబ్జర్లు కొత్తవి పెట్టించాం. పొగాకు బేళ్ళు వేసుకుని టంగుటూరు వేలానికి పోయినా వెనక వంగదు. జీపు పట్టీ మందం ఎక్కువైతే అంబాసిడర్‌ది వేయించు.

పాత ఫిట్టర్
పద్మిని 79 గారూ, మీ బండికి మీరు చెప్పింది సరిపోతుంది. ఈ బండికి అది పనికిరాదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఎవరూ విసుక్కోవద్దు.

మీ ఫియట్‌లో వెనక ఇరుసు మొత్తం ఒకే దిమ్మ. దానికి అటొక కట్ట, ఇటొక కట్ట, బండి పొడవునా. పట్టీ వేస్తే బాడీ లేస్తుంది, చక్రాలు మాత్రం నిటారుగానే ఉంటాయి. హెరాల్డ్‌లో క్రౌన్ (చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. దాన్నుంచి రెండు షాఫ్టులు అటూ ఇటూ వస్తాయి. ఒక్కో షాఫ్టుకి క్రౌన్ దగ్గర ఒకే ఒక్క క్రాస్ జాయింటు. చక్రం వైపు జాయింటు లేదు. అందుకే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా వాలుతుంది, తలుపు రెక్క మడతబందు మీద తిరిగినట్టు. కట్ట కూడా ఒకటే, క్రౌన్ నెత్తిన అడ్డంగా పడుకుని ఉంటుంది. అంటే ఈ బండిలో ఎత్తు వేరు, చక్రం వాలు వేరు కాదు. ఒకటి మారిస్తే రెండోది మారి తీరుతుంది.

ఇప్పుడు పట్టీ వేశారనుకోండి. నలుగురు కూర్చున్నప్పుడు చక్రాలు నిటారుగా, చూడముచ్చటగా ఉంటాయి. నలుగురూ దిగిపోయి మీరొక్కరే నడిపితే వెనక భాగం లేచి చక్రాల అడుగు లోపలికి వస్తుంది. ఆ స్థితిలో మలుపులోకి వేగంగా పోయి, భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీశారంటే వెనక భాగం ఇంకా లేస్తుంది, బయటివైపు చక్రం బండి కిందకి మడుచుకుంటుంది. స్వింగ్ యాక్సిల్ (ఇలా రెక్కలా ఊగే ఇరుసు) బండ్లు పల్టీ కొట్టేది ఇలాగే. జీపు పట్టీ అంటే ఇంకా గట్టిది, బండి ఇంకా లేస్తుంది. వద్దు.

ఇంకో మాట. కట్ట దిగిపోయి చక్రాల అడుగు బయటికి పోయిన బండి టైర్లు తింటుంది గానీ మలుపులో పట్టు ఎక్కువగానే ఉంటుంది. ముప్ఫైలో పక్కకి జరిగిందంటే నా అనుమానం కట్ట మీద కాదు. రేడియస్ ఆర్మ్ (చక్రం ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునే కడ్డీ) బుష్‌లు, అంటే దాని చివర్ల రబ్బర్లు, చూడండి.

చీమకుర్తి కట్టలు
పెద్దాయన చెప్పినదాంట్లో పట్టీ వద్దు అన్నంతవరకు ఒప్పుకుంటా. కానీ కట్ట తప్పు లేదంటే ఒప్పుకోను. 1969 నాటి కట్ట దిగిపోకుండా ఎట్టా ఉంటుంది? గ్రానైట్ దిమ్మెలు మోసే లారీల కట్టలు మా దగ్గర రోజూ దిగుతాయి, రోజూ ఎక్కిస్తాం. కొత్త పట్టీ అక్కర్లేదు, ఉన్న పట్టీలకే వంపు పెట్టించాలి.

కానీ ఎవరితో చేయిస్తున్నావో చూసుకో. గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచేసి చల్లారబెట్టి ఇచ్చేవాళ్ళున్నారు. అట్టా చేస్తే స్టీలులో ఉన్న పదును పోతుంది, కొన్నాళ్ళకే మళ్ళీ దిగుతుంది, లేదంటే పుటుక్కున విరుగుతుంది. చేస్తే చల్లగా ఉండగానే దిమ్మె మీద పెట్టి సుత్తితో కొంచెం కొంచెంగా వంపు ఎక్కించాలి. వేడి చేస్తే మాత్రం బట్టీలో మొత్తం పట్టీ సమానంగా కాగాలి, నూనెలో ముంచాలి, మళ్ళీ తక్కువ వేడిలో పదును సరిచేయాలి. సగం పని చేసేవాడి దగ్గరికి పోవద్దు. ఏ పట్టీకైనా పగులు ఉంటే మాత్రం ఈఎన్ 45 అనే స్ప్రింగు స్టీలుతో కొత్తది కోయించుకో, పాతదాని మందమే ఉండాలి.

పాత ఫిట్టర్
కట్టకి తప్పు లేదని నేననలేదు. మొదటి అనుమానం దాని మీద కాదన్నాను. చల్ల వంపు గురించి మీరన్నది అక్షరాలా నిజం.

ఉదయగిరి దుర్గం
ఇంత గొడవ దేనికి. ఈ వెనక సస్పెన్షన్‌తో మన మెకానిక్‌లు వేగలేరని కంపెనీకే తెలిసొచ్చింది. 1972లో మద్రాసు స్టాండర్డ్ వాళ్ళు గజల్ కారు తెచ్చినప్పుడు స్వింగ్ యాక్సిల్ తీసేసి ఒకే దిమ్మ ఇరుసు వేశారు. ఇంజిన్ అదే 948 సీసీ. తయారుచేసినవాడే మార్చుకున్నప్పుడు మనం మార్చుకుంటే తప్పేంటి? వ్యాను హౌసింగ్ ఆలోచన చెప్పిన మెకానిక్ తెలివైనవాడే.

కావలి కుర్రోడు
వ్యాను హౌసింగ్, జీపు పట్టీ, అంబాసిడర్ షాకబ్జర్. ఆర్సీలో బండి పేరు దగ్గర "తదితరులు" అని రాయించుకో అన్నా.

పాత ఫిట్టర్
గజల్ సంగతి నిజం. కానీ కంపెనీ వాళ్ళు లెక్క కట్టి, గీతలు గీసి చేశారు. ఇక్కడ జరిగేది ఛాసిస్ కోసి, ఎక్కడ వీలైతే అక్కడ బ్రాకెట్టు వెల్డింగ్ పెట్టడం. హెరాల్డ్ ఛాసిస్ సన్నటిది, బాడీ దాని మీద ముక్కలుముక్కలుగా బోల్టులతో కూర్చుని ఉంటుంది. వెనక కట్ట బరువంతా క్రౌన్ ద్వారా ఛాసిస్ మధ్యభాగానికి పోయేలా చేశారు. పద్ధతి మార్చి బరువు పక్కలకి తెస్తే ఆ పక్కల్లో అంత సత్తువ లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, హ్యాండ్ బ్రేకు తాళ్ళు, చక్రం బోల్టుల దూరం ఇవన్నీ వేరే.

ఆర్టీవో పక్క టీ కొట్టు
నేను చట్టం వైపు నుంచి చెప్తా. మోటారు వాహన చట్టంలో సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. బుష్‌లు, కట్ట, షాకబ్జర్లు మార్చుకుంటే అది రిపేరు. ఇరుసు పద్ధతే మార్చి ఛాసిస్ కోస్తే అది రిపేరు కాదు.

1969 బండి కాబట్టి ఇంకోటి కూడా ఆలోచించు. 2021 జూలైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్సు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసిన బండికి అది రాదు. అయితే వింటేజ్ చేయించుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, అదీ గుర్తుపెట్టుకో.

బాలాజీనగర్ హెరాల్డ్
రోజూ తిరగను గానీ వారానికోసారైనా తియ్యాలి కదా. వింటేజ్ సంగతి తర్వాత చూస్తా. హౌసింగ్ మాత్రం క్యాన్సిల్. కాయిల్ స్ప్రింగుల సంగతేంటి?

పాత ఫిట్టర్
ఆ అడ్డ కట్ట బరువు మొయ్యడంతోపాటు చక్రం పైభాగాన్ని పట్టుకుని ఉండే చెయ్యి కూడా. అది తీసేసి కాయిల్ పెడితే ఆ చెయ్యి వేరే తయారుచేయాలి. ఆలోచించొద్దు.

కొత్తపట్నం గాలి
మాదీ హెరాల్డే, రెండు తలుపులది. సముద్రం పక్కన ఉంటాం కాబట్టి నా శత్రువు తుప్పు. కానీ ఈ థ్రెడ్‌కి పనికొచ్చే ముచ్చట షాకబ్జర్లది. నాకు బండి అమ్మినాయన, దొరికినవేవో పొడుగు షాకబ్జర్లు వెనక వేయించి పెట్టాడు. స్పీడు బ్రేకరు దిగినప్పుడల్లా వెనకనుంచి టక్ టక్‌మని కొట్టేది. ఈ బండిలో చక్రం ఎంతవరకు కిందికి వేలాడాలో ఆపేది షాకబ్జరే. అది పొడుగైతే చక్రం ఇంకా కిందికి జారి అడుగు లోపలికి వచ్చేస్తుంది, క్రాస్ జాయింటు కూడా పట్టేస్తుంది. సరైన పొడుగువి పెట్టగానే శబ్దం పోయింది, మలుపుల్లో భయమూ పోయింది. నీవి ఏ షాకబ్జర్లో ముందు చూడు. చూసేటప్పుడు చక్రం కింద దిమ్మె పెట్టి తియ్యి, ఊరికే బోల్టు ఊడదీస్తే చక్రం ఒక్కసారిగా జారుతుంది.

తుప్పు మాట వచ్చింది కాబట్టి, ఛాసిస్ పక్క చేతులు (బాడీని మోసే పక్క కమ్మీలు) స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. లోపలికి దిగితే సస్పెన్షన్ పని మొత్తం ఆపి ముందు అది చేయించాలి.

పద్మిని 79
ఇన్ని మాటలు వింటుంటే మా పద్మిని ఎంత మంచిదో తెలుస్తోంది.

మైపాడు మలుపు
పద్మిని 79, ముందు చక్రాలు ఊగితే అప్పుడు మాట్లాడదాం.

అసలు విషయానికొస్తే స్వింగ్ స్ప్రింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. చెన్నైలో ఉండే మా తమ్ముడి హెరాల్డ్‌కి పెట్టించాం. అసలు ఇది హెరాల్డ్ కోసం చేసింది కాదు, ఇంగ్లాండులో 1970 చివర్లో వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ ఫోర్ కారుకి, హెరాల్డ్ అసలు తయారీదారులైన ట్రయంఫ్ వాళ్ళు పెట్టారు. అప్పటికే అక్కడ హెరాల్డ్ ఆఖరు దశకి వచ్చేసింది. చూడటానికి అదే అడ్డ కట్ట. కాకపోతే పట్టీల్లో ఒకటి తప్ప మిగతావన్నీ క్రౌన్‌కి గట్టిగా బిగించి ఉండవు, మధ్యలో ఒక పెట్టెలో అటూ ఇటూ ఊగుతాయి. బరువు మొయ్యడంలో మామూలు కట్టే. మలుపులో బండి ఒకవైపు ఒరిగినప్పుడు మాత్రం వెనక భాగం ఎదురు తిరగదు కాబట్టి, చక్రం కిందకి మడుచుకోవడం బాగా తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది సగంలో ఆగుతారు. వెనక కట్ట ఒరుగుడుని ఆపడం మానేసింది కదా, ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. అందుకే ట్రయంఫ్ వాళ్ళు ముందు చక్రాల దగ్గర ఒరుగుడుని ఆపే యాంటీ రోల్ బారు లావు చేశారు, 11/16 అంగుళం ఉన్నదాన్ని 7/8కి పెంచారు. కట్ట తెప్పించి బారు తెప్పించకపోతే బండి పడవలా ఊగుతుంది. రెండూ కలిపి ఆర్డరు పెట్టాలి. బరువు సామాను కాబట్టి రవాణా, కస్టమ్స్ సుంకం కట్ట ధరతో పోటీపడతాయి. తమ్ముడు ఇంకా ఆ లెక్క వాళ్ళావిడకి చెప్పలేదు.

పాత ఫిట్టర్
బాగా చెప్పారు. ఆ బండికి నిజమైన మెరుగుదల అంటే అదొక్కటే. ఇంకా పై మెట్టు ట్రయంఫ్ వాళ్ళే జీటీ6, విటెస్ కార్ల మార్క్ టూలకి వేసిన కింది విష్‌బోన్ (వి ఆకారపు చెయ్యి) పద్ధతి ఉంది గానీ, దాని షాఫ్టుల రబ్బరు కప్లింగులు మనకి దొరకవు.

బాలాజీనగర్ గారూ, డబ్బు ఖర్చు పెట్టేముందు కొలతలు తీయండి. చదునైన నేల మీద బండి పెట్టండి. జాకీ పెట్టి దింపిన బండిని అలాగే కొలవకూడదు, ఈ బండి చక్రాలు జాకీ దింపాక కూడా లోపలికి ముడుచుకునే ఉంటాయి. కొంచెం ముందుకీ వెనక్కీ దొర్లించి, వెనక భాగాన్ని చేత్తో అదిమి వదిలాక కొలవండి. తాపీమేస్త్రీ గుండు దారం తీసుకుని చక్రం పక్కన వేలాడదీసి, రిమ్ము పై అంచుకీ కింది అంచుకీ దారం నుంచి దూరం చూడండి. 13 అంగుళాల రిమ్ముకి 6 మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు 1 డిగ్రీ. ఖాళీగా, నిండుగా రెండుసార్లూ తీయండి.

బాలాజీనగర్ హెరాల్డ్
కొలిచాను. నేనొక్కణ్ణే కూర్చుంటే ఎడమ 14 మి.మీ., కుడి 23. నలుగురం కూర్చుంటే ఎడమ 29, కుడి 38. అన్నీ పైన లోపలికి వాలినవే. కూర్చోబెట్టడానికి పక్కింటివాళ్ళని పిలిచాను, ఇప్పుడు వీధంతా ఇదే టాపిక్.

కావలి కుర్రోడు
పక్కింటివాళ్ళ బరువు కూడా రాస్తే డేటా పూర్తవుతుంది.

పాత ఫిట్టర్
నిండుగా ఉన్నప్పుడు కుడివైపు 6 డిగ్రీలు దాటింది. కట్ట దిగిన మాట నిజం, చీమకుర్తి ఆయన గెలిచాడు. కానీ అటూ ఇటూ తేడా 9 మిల్లీమీటర్లు. కట్ట ఒకటే కదా, దిగితే రెండువైపులా దిగాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో ఇంకోటి ఉంది. డ్రైవరు కుడివైపు కూర్చోవడం వల్ల కొంత రావచ్చు, ఇంత రాదు. ముందు చక్రాల్లో కుడివైపు కాయిల్ కుంగిందేమో చూడండి. కట్ట చివర కన్ను బుష్, కింది ట్రునియన్ (చక్రం దగ్గరి కీలు) నైలాన్ బుష్‌లు, రేడియస్ ఆర్మ్ రెండు చివరలూ, వరసగా ఇనప గడ్డ పెట్టి ఎత్తి చూడండి. ఆర్మ్ ముందు బ్రాకెట్టు దగ్గర షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) ఉంటాయి, అవి చక్రం నేరుగా చూస్తోందో లేదో సరిచేసేవి. ఎవరో ఊడదీసి పారేసి ఉంటారు.

బాలాజీనగర్ హెరాల్డ్
కుడి రేడియస్ ఆర్మ్ బుష్ లేనే లేదు! రబ్బరు మొత్తం పోయి బోల్టు ఊగుతోంది. షిమ్ములు ఎడమవైపు రెండు ఉన్నాయి, కుడివైపు సున్నా. ట్రునియన్ బుష్‌లు కూడా అయిపోయాయి. చక్రం చేత్తో పట్టుకుని లాగితే ముందుకీ వెనక్కీ కదులుతోంది.

పాత ఫిట్టర్
కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ చక్రం వెనక్కి లాగి తనకి తోచిన దారి చూసుకుంటోంది. మీ వెనక భాగం పక్కకి జరగడం అదే.

కందుకూరు లేతు
ట్రునియన్ బుష్‌లు నైలాన్ కడ్డీ నుంచి లేతు మీద తీయొచ్చు, మేం తీసిచ్చాం. నైలాన్ తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది, మరీ టైటుగా తీస్తే వానాకాలంలో పట్టేస్తుంది. డెల్రిన్ (అంతగా తేమ పీల్చని ప్లాస్టిక్) దొరికితే అదే మేలు. స్లీవులు కూడా కొత్తవే తీయించు, అరిగిన స్లీవు మీద కొత్త బుష్ వేయడం దండగ.

చీమకుర్తి కట్టలు
గెలిచాను అన్నారు కాబట్టి కట్ట పంపించండి. ఎంత వంపు కావాలో మాత్రం రాసి పంపండి. మా కుర్రోళ్ళకి చెప్పకపోతే లారీ లెక్కలో ఎక్కించేస్తారు.

పాత ఫిట్టర్
ఖాళీగా డ్రైవరు ఒక్కడుంటే చక్రాలు నిటారుగా, లేదా 1 డిగ్రీ వరకు పైన లోపలికి. నిండుగా 3 వరకు ఫర్వాలేదు. ఖాళీగా ఉన్నప్పుడు అడుగు లోపలికి మాత్రం అస్సలు రాకూడదు. ఎక్కువ ఎక్కించడం కంటే తక్కువ ఎక్కించడమే క్షేమం, టైరు కొనుక్కోవచ్చు. బిగించేటప్పుడు కట్ట కన్ను బోల్టులూ రేడియస్ ఆర్మ్ బోల్టులూ చక్రాలు వేలాడుతుండగా ఫైనల్ టైటు చేయొద్దు. బండి నేల మీద నిలబడ్డాక, బరువు పడ్డాక చేయండి. లేకపోతే రబ్బరు మెలితిరిగి మొదటి నెలలోనే చిరుగుతుంది.

ముందు చక్రాల కింది ట్రునియన్లకి కూడా ఇదే సమయంలో నూనె ఎక్కించండి. గ్రీజు కాదు, ఈపీ 90 గేరు నూనె. ఇది వెనకకి సంబంధం లేని మాట, కానీ గ్రీజు కొట్టి కొట్టి అక్కడ విరిగిన హెరాల్డ్‌లని చాలా చూశాను.

పద్మిని 79
గాలి సంగతి ఎవరూ అడగలేదే? మేం నాలుగు చక్రాలకీ 28 కొడతాం.

మైపాడు మలుపు
ఈ బండికి అలా కొట్టకూడదు. స్వింగ్ యాక్సిల్ బండికి వెనక కంటే ముందు తక్కువ ఉండాలి, నాలుగైదు పౌండ్లు తేడా పెట్టు. సమానంగా కొడితే వెనక ముందుగా జారుతుంది. పంపులో కుర్రాడు నాలుగూ ఒకేలా కొట్టేస్తాడు, పక్కన నిలబడి చెప్పాలి.

బాలాజీనగర్ హెరాల్డ్
అప్‌డేట్. కట్ట చీమకుర్తి వెళ్ళొచ్చింది, ఒక పట్టీ పగిలి ఉంటే కొత్తది కోశారు. బుష్‌లు కందుకూరు నుంచి. కుడివైపు షిమ్ములు పెట్టించాను. షాకబ్జర్లు చూస్తే పొడుగు సరైనదే, నూనె కారుతున్నాయి, మార్చేశాను. ఇప్పుడు ఒక్కణ్ణే ఉంటే ఎడమ 3, కుడి 5. నిండుగా 16, 19. రోడ్డు మీద బండి వేరే బండిలా ఉంది. పెంచలకోన దారిలో మలుపులు కూడా చూసొచ్చాను. స్వింగ్ స్ప్రింగ్ ప్రస్తుతానికి వద్దు, ముందు లావు బారు ఒక్కటే తెప్పిస్తే ఎలా ఉంటుంది?

పాత ఫిట్టర్
మామూలు కట్ట మీద లావు బారు ఒక్కటే వేస్తే ముందు భాగం మలుపు తిరగడానికి కాస్త మొండికేస్తుంది, వెనక జారడం తగ్గుతుంది. నష్టం లేదు. కానీ 7/8 మీకు ఎక్కువే. ఉన్నదాని లింకులూ రబ్బర్లూ ముందు మార్చి చూడండి, అవి కూడా 1969వే అయ్యుంటాయి.

ఉదయగిరి దుర్గం
అన్నీ విన్నాక కూడా నా మాట అదే. గజల్ దొరికితే గజల్ కొనుక్కోండి.

మైపాడు మలుపు
దొరికితే నాకూ ఒకటి చెప్పు.

బాలాజీనగర్ హెరాల్డ్
ఇంకొక్క పని మిగిలింది. వెనక కుడి హబ్ బేరింగు మోగుతోంది. హబ్ రావట్లేదు. సుత్తి పెట్టొద్దని మెకానిక్‌ని ఆపాను.

పాత ఫిట్టర్
మంచి పని చేశారు. అది టేపరు షాఫ్టు మీద కీతో కూర్చుని ఉంటుంది, మామూలు మూడు కాళ్ళ పుల్లరు పెడితే హబ్ అంచు వంగుతుంది. చక్రం బోల్టులకే బిగించే మందపాటి ప్లేటు పుల్లరు కావాలి. ఒత్తిడి ఎక్కించి ఒక రాత్రి వదిలేయండి, తెల్లారేసరికి దానంతటదే వదులుతుంది.

కందుకూరు లేతు
ఆ ప్లేటు పుల్లరు మా దగ్గరుంది. 20 మి.మీ. ప్లేటుతో చేశాం. నాలుగు బోల్టుల మధ్య దూరం కొలిచి పెట్టు, సరిపోతే నెల్లూరు వచ్చే బస్సులో వేస్తాం. అద్దె లేదు, తిరిగి పంపించేటప్పుడు మాత్రం గ్రీజు తుడిచి పంపించు.